ఎర్రచెవుల తాబేలు పిల్లకి రెండు కళ్లూ ఉబ్బి మూసుకుపోయాయి, తిండి మానేసింది. ఏం చేయాలి?

కృష్ణలంక_బాల్కనీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఎర్రచెవుల తాబేలు (రెడ్ ఇయర్డ్ స్లైడర్) పిల్ల వయసు సుమారు ఐదు నెలలు, చిప్ప పొడవు 6 సెంటీమీటర్లు. ఐదు రోజులుగా రెండు కళ్లూ నానిన పెసరగింజల్లా తెల్లగా ఉబ్బి మూసుకుపోయి ఉన్నాయి. ముందుకాళ్లతో మాటిమాటికీ కళ్లు రుద్దుకుంటోంది. తిండి ముట్టి ఐదు రోజులైంది.

ఉంచిన తీరు: మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉండే చిన్న తొట్టి, బెత్తెడు నీళ్లు, రెండు రోజులకోసారి కుళాయి నీళ్లతో పూర్తిగా మార్పు. తిండి షాపులో డబ్బాగా అమ్మే ఎండు రొయ్యపొట్టు లాంటివి, రోజుకి రెండుసార్లు. తొట్టి కిటికీ పక్కనే ఉంటుంది, పొద్దుటి ఎండ అద్దంలోంచి పడుతుంది. హీటర్, ఫిల్టర్, లైటు ఏవీ లేవు.

షాపతను చిన్నపిల్లల కంటి చుక్కలు వేయమన్నాడు. వేయొచ్చా? ఇంకొకరు మేడ మీద ఎండలో పెట్టమన్నారు. ముందు ఏది చేయాలి?

నీటిగూడు

చుక్కలు ఇప్పుడే వేయకండి. ఏ చుక్కలైనా సరే, అందులో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే కంటిపొర మీద పుండున్నప్పుడు అది ఇంకా ముదురుతుంది. మందుల షాపుల్లో దొరికే కంటి చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసే ఉంటుంది.

మీరు రాసినదాన్ని బట్టి జబ్బు కంటిది కాదు, తిండిది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కాలేయంలో తల్లి ఇచ్చిన విటమిన్ ఏ నిల్వ కొద్ది నెలలకే సరిపోతుంది. ఎండు రొయ్యపొట్టులో విటమిన్ ఏ లేనట్టే లెక్క. నిల్వ అయిపోగానే కంటి దగ్గరి గ్రంథుల లోపలి పొర గట్టిపడి, రాలిన కణాలు నాళాలను మూసేస్తాయి. లోపలి ద్రవం బయటికి రాలేక కనురెప్ప ఉబ్బుతుంది. తాబేలు తిండిని చూసి పట్టుకుంటుంది కాబట్టి కళ్లు మూసుకుంటే తినదు, తినకపోతే విటమిన్ మరింత తగ్గుతుంది. ఈ సుడిలోంచి బయటికి లాగడమే మన పని.

ఫిల్టర్ లేని చిన్న తొట్టిలో రెట్ట, మూత్రం వల్ల పేరుకునే అమ్మోనియా, కుళాయి నీటిలోని క్లోరిన్ కూడా కళ్లను ఇలాగే మండిస్తాయి. మీ తొట్టిలో రెండూ కలిసే ఉన్నాయి. అందుకే మందు ఒక్కటే పనిచేయదు.

ఈ నాలుగూ ఇప్పుడే చూసి చెప్పండి:

ఒకటి, నీళ్లలో తేలేటప్పుడు రెండు పక్కలా సమంగా ఉందా, ఒక పక్కకి ఒరిగిందా? ఒరిగితే ఊపిరితిత్తుల్లో నిమ్ము ఉన్నట్టు. రెండు, ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ చాచి పైకెత్తడం ఉన్నాయా? ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మూడు, చిప్ప అంచు వేళ్లతో మెల్లగా నొక్కండి. ఈ వయసులో గోరంత వంగడం మామూలే, చెప్పు తోలులా మెత్తగా ఉంటే కాల్షియం లోపం. నాలుగు, నీటి ఉష్ణోగ్రత ఎంత? చెయ్యి పెట్టి అంచనా వేయకండి, థర్మామీటరుతో చూడండి.

ఈ లోపు 27–28 డిగ్రీల గోరువెచ్చని, క్లోరిన్ పోయిన నీళ్లలో ఉంచండి. లోతు చిప్ప మునిగేంత చాలు, తల సులువుగా పైకి రావాలి. రోజుకి రెండు పూటలా 0.9 శాతం సెలైన్ (మందుల షాపులో దొరికే మామూలు ఉప్పునీటి సీసా) దూదితో కళ్ల మీద కొన్ని చుక్కలు వదలండి. కనురెప్పలు వేళ్లతో తెరవడానికి ప్రయత్నించొద్దు, లోపల పేరుకున్న తెల్లని ముద్దను గోటితో తీయొద్దు. దాన్ని డాక్టరే తీయాలి.

వాగుగట్టు

పై సమాధానం కళ్ల మంట చల్లారడానికి. ఇది మళ్లీ రాకుండా ఉండాలంటే ఆ కొబ్బరిచెట్టు తొట్టిని పక్కన పడేయాల్సిందే. ఈ తాబేలు మగదైతే 18–20, ఆడదైతే 25–30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. బాగా చూస్తే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. అరచేతిలో పట్టేలా అమ్ముతారు కాబట్టి ఈ సంగతి ఎవరూ ముందు అడగరు.

తొట్టి లెక్క: చిప్ప ప్రతి సెంటీమీటరుకి 15 లీటర్లు. 6 సెంటీమీటర్లకి 90 లీటర్లు, 25 సెంటీమీటర్ల ఆడదానికి దాదాపు 375 లీటర్లు. అద్దం తొట్టే కావాలని లేదు. 200–250 లీటర్ల పెద్ద ప్లాస్టిక్ టబ్బు చవక, బరువు తక్కువ, బాల్కనీలో నిలుస్తుంది. కొత్త సిమెంటు తొట్టి అయితే మాత్రం నీళ్లు నింపి రెండు మూడు వారాల పాటు మార్చుతూ సున్నం దిగేదాకా ఉంచాలి, లేదంటే నీటి పీహెచ్ బాగా పెరిగి చర్మం మండుతుంది.

అడుగున గులకరాళ్లు వద్దు. పిల్లలు మింగి పేగులో అడ్డుపడిపోతాయి. వేయాలనిపిస్తే తాబేలు తలకన్నా పెద్దగా, నున్నగా ఉండే ఏటి రాళ్లే వేయండి. లేకపోతే ఖాళీ అడుగే మేలు, శుభ్రం చేయడమూ సులువు.

నీటి లోతు: ఆరోగ్యంగా ఉన్నదానికి చిప్ప పొడవుకి కనీసం రెండింతలు. వెల్లకిలా పడితే తిరగబడటానికి నీళ్లే సాయం. మరీ తక్కువ నీళ్లుంటే చిప్ప మీద పడి, తల పైకి రాక మునిగిపోయే ప్రమాదం ఉంది.

ఎండ కాగే చోటు అసలైన సంగతి. తాబేలు పూర్తిగా నీళ్లలోంచి పైకెక్కి, చిప్ప, కాళ్లు అన్నీ ఆరేలా ఒక గట్టు ఉండాలి. ఒక ఇటుక మీద పలక వేసి, ఎక్కడానికి గరుకు వాలు కట్టినా చాలు. దాని మీద 20–25 సెంటీమీటర్ల ఎత్తులో 40–50 వాట్ల మామూలు హీట్ బల్బు పెట్టి, గట్టు మీద 32–34 డిగ్రీలు వచ్చేలా దూరం సర్దండి. నీళ్లు 26–28, గట్టు 32–34. ఈ తేడా ఉంటేనే అది కావలసినప్పుడు వేడెక్కి, తిన్నది అరిగించుకుంటుంది. వేడి చాలకపోతే తిన్నది కడుపులో పులిసి, తిండి మానేస్తుంది.

యూవీబీ (ఒంట్లో విటమిన్ డీ3 తయారయ్యేలా చేసే, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు): దీనికి వేరే దీపం, టీ5 రకం ట్యూబు, ప్యాకెట్ మీద 5 శాతం లేదా 5.0 అని ఉండాలి. గట్టుకి 25–30 సెంటీమీటర్ల దూరం, రోజుకి 10–12 గంటలు. మధ్యలో అద్దం గానీ ప్లాస్టిక్ మూత గానీ ఉండకూడదు. వెలుగు వస్తున్నా యూవీబీ ఏడాదికల్లా తగ్గిపోతుంది, అందుకే కొన్న తేదీ మార్కర్‌తో ట్యూబు మీదే రాసుకోండి. ఒక హెచ్చరిక: 'యూవీ' అని చెప్పి నీళ్లు శుద్ధి చేసే యూవీసీ దీపాలు గానీ, నీలిరంగు ఎల్ఈడీలు గానీ అంటగట్టే షాపులు ఉన్నాయి. మొదటివి కళ్లను కాల్చేస్తాయి, రెండోవి ఏ ఉపయోగం లేనివి. ప్యాకెట్ మీద యూవీబీ అంకె కనిపించకపోతే కొనొద్దు.

మీ కిటికీ ఎండ సంగతి: గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం వెనక ఎంతసేపు కూర్చున్నా చిప్పకి డీ3 అందదు. మేడ మీద ఎండ ఇవ్వొచ్చు, కానీ విజయవాడ ఎండతో జాగ్రత్త. పొద్దున ఎనిమిదిన్నర లోపు 20–30 నిమిషాలు, సగం నీడ ఉన్న వెడల్పాటి టబ్బులో, పైన వల కట్టి, మీరు పక్కనే ఉండి. కాకులు, గద్దలు, పిల్లులు పిల్ల తాబేలుని క్షణంలో ఎత్తుకుపోతాయి. అద్దం తొట్టిని ఎండలో పెట్టొద్దు. లోపలి నీళ్లు కొద్దిసేపట్లోనే ప్రాణం తీసేంత వేడెక్కుతాయి, తాబేలుకి తప్పించుకునే చోటు ఉండదు.

ఫిల్టర్: పెట్టె మీద రాసిన ప్రవాహం తొట్టి నీటికి గంటకి మూడు నాలుగింతలు ఉండాలి. 100 లీటర్లకి గంటకి 300–400 లీటర్లు. తాబేలు అంతే బరువున్న చేపకన్నా చాలా ఎక్కువ మురికి చేస్తుంది. స్పాంజిని కుళాయి కింద కడగకండి. క్లోరిన్ వల్ల అందులో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన బకెట్ నీళ్లలోనే పిండి మళ్లీ పెట్టండి. కొత్త ఫిల్టర్‌లో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అంతవరకు రెండు మూడు రోజులకోసారి మూడో వంతు నీళ్లు మార్చండి. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ లీటరుకి 40 మిల్లీగ్రాముల లోపు రావాలి. కరెంటు గంటల కొద్దీ పోతే మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ లోపల ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ నీళ్లు తొట్టిలోకి పోనివ్వకుండా ముందు ఫిల్టర్ విప్పి పారబోసి అప్పుడు ఆన్ చేయండి.

క్లోరిన్ పోవడానికి బకెట్‌లో 24 గంటలు గాలి పంపు పెట్టి ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద చెప్పిన మోతాదులో వేయండి. ఆర్ఓ నీళ్లు అవసరం లేదు.

హీటర్ మామూలుగా లీటరుకి ఒక వాట్ చొప్పున. దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, తాబేళ్లు గాజు హీటర్‌ను గుద్ది పగలగొడతాయి. నీళ్లు మార్చేముందు ప్లగ్ తీసి పావుగంట ఆగండి, వేడి హీటర్ గాలికి తగిలితే పగులుతుంది.

కృష్ణలంక_బాల్కనీ

చాలా థాంక్స్ అండి. చూసి రాస్తున్నాను: సమంగానే తేలుతోంది, బుడగలు లేవు, నోరు తెరవడం లేదు. అంచు గోరంత వంగుతోంది. నీళ్లు 24 డిగ్రీలు. కళ్లు అలాగే ఉన్నాయి.

తిండి గురించి: మా ఇంట్లో ఉండే ఆకుకూరలు, అన్నం, చేప పెట్టొచ్చా? ఇంట్లో విటమిన్ ఏ సీసా ఉంది, పాపకి అంగన్‌వాడీలో వేసేది. అది ఒక చుక్క వేస్తే? పాపకి నాలుగేళ్లు, తాబేలును ముట్టుకుంటూ ఉంటుంది, దాంతో ప్రమాదమా?

తడిపొడి

ఆ సీసా దూరంగా పెట్టండి. పిల్లలకిచ్చే విటమిన్ ఏ ద్రావణం ఒక మిల్లీలీటరులో లక్ష యూనిట్లు ఉంటుంది. మీ తాబేలు బరువు సుమారు యాభై గ్రాములు. ఒక చుక్కలోనే దానికి ప్రాణాపాయం కలిగించేంత ఉంటుంది. మోతాదు మించితే ఒకటి రెండు వారాల తర్వాత మెడ, తొడల మీద చర్మం పొరలుగా ఊడి పచ్చిగా మారుతుంది. డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్‌తో కూడా మోతాదు తప్పితే ఇదే జరుగుతుంది, అందుకే బరువు తూచకుండా సూది వేస్తానంటే ఒప్పుకోకండి. తిండి ద్వారా ఇవ్వడం నిదానమైనా క్షేమం.

కళ్లు కనబడని పిల్లకి తిండి పెట్టే విధానం: గోరువెచ్చని నీళ్లలో ఉంచి పావుగంట ఆగండి, ఒళ్లు వెచ్చబడితే ఆకలి వస్తుంది. నానబెట్టిన తాబేలు తిండి గుళిక ఒకటి పట్టకారుతో పట్టి మూతికి తాకించి, మెల్లగా కదపండి. వాసనకి నోరు తెరిస్తే అందించండి. ఇవి నీళ్లలోనే మింగగలవు. నాలుక నోటి అడుక్కి అతుక్కుని ఉంటుంది కాబట్టి గట్టు మీద పెట్టిన తిండి మింగలేక వదిలేస్తుంది. బలవంతంగా నోరు తెరవద్దు, పిల్ల దవడ విరుగుతుంది.

ఈ వారంలో ఒకసారి బియ్యపు గింజంత పచ్చి కోడి కాలేయం పెట్టండి. అది విటమిన్ ఏకి మంచి మూలం. వారానికొకసారికి మించొద్దు, కళ్లు తెరుచుకున్నాక మానేయండి.

రోజువారీ తిండికి పునాది తాబేళ్లకే చేసిన గుళికలు. పిల్లలకి 35–40 శాతం మాంసకృత్తులు ఉన్నవి. ఎన్ని? దాని తల ఖాళీ గిన్నె అనుకుంటే అందులో పట్టేన్ని. 10 సెంటీమీటర్ల వరకు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, పెద్దయ్యాక వారానికి రెండు మూడుసార్లు. పెద్దవాటికి మిగతాదంతా ఆకులే. కొత్త డబ్బా తీశాక మూడు నాలుగు నెలల్లో వాడేయండి. పొయ్యి పక్కన, ఎండ తగిలే చోట పెడితే అందులోని విటమిన్ ఏ చెడిపోతుంది. ప్యాకెట్ మీద తేదీ ఇంకా ఉన్నా సరే.

మన ఇంటి కూరల్లో: మునగాకు మంచిది. అజొల్లా, చెరువుల మీద పచ్చగా పరుచుకునే చిన్నాకు (డక్‌వీడ్) చాలా మంచివి, అవి తొట్టిలోనే తేలుతూ ఉంటాయి కాబట్టి కావలసినప్పుడు తింటుంది. పశువులకి అజొల్లా పెంచే రైతుల దగ్గర గుప్పెడు తెచ్చుకుని పక్క టబ్బులో వేస్తే అదే పెరుగుతుంది. మందు కొట్టిన చేను పక్క గుంటల్లోంచి మాత్రం తేకండి. క్యారెట్, ఎర్ర గుమ్మడి సన్నగా తురిమి. కొత్తిమీర అప్పుడప్పుడు. పాలకూర, తోటకూర, గోంగూర వద్దు. వీటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంని పట్టేసి ఒంటికి అందనివ్వదు, కాల్షియం చాలని పిల్లకి ఇది ఇంకా నష్టం. చామ ఆకు అసలే వద్దు, అందులోని సూది లాంటి స్ఫటికాలు గొంతు గుచ్చుతాయి. క్యాబేజీ రోజూ పెట్టొద్దు.

అన్నం, ఇడ్లీ, బ్రెడ్డు, పాలు వద్దు. ఉప్పు పట్టిన ఎండు మెత్తళ్లు వద్దు. వానపాము, పురుగుమందు లేని మట్టిలోది, పిల్లకి మంచి తిండి. చేపలే ఎప్పుడూ పెడితే కొన్ని చేపల్లో ఉండే థయామినేజ్ విటమిన్ బీ1ను నాశనం చేస్తుంది, అందుకే నెలకొకటి రెండు సార్లు చాలు.

కాల్షియంకి కటిల్ బోన్, అంటే ఆయుర్వేద దుకాణాల్లో సముద్రఫేనం. పిట్టల తిండి అమ్మే చోటా దొరుకుతుంది. వెనక గట్టి పెంకు తీసేసి, మెత్తటి తెల్ల భాగం బొటనవేలంత ముక్క నీళ్లలో తేలనివ్వండి. కొరకాలనిపించినప్పుడు అదే కొరుకుతుంది. కొరికిన గాట్లు కనిపిస్తే వాడుతున్నట్టు.

తిండి వేరే చిన్న టబ్బులో పెట్టి, 15–20 నిమిషాలకి తీసి మళ్లీ పెద్ద టబ్బులో వేస్తే నీటి మురికి బాగా తగ్గుతుంది.

పాప సంగతి: ప్రమాదమే. తాబేళ్లు ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లాని రెట్టలో వదులుతాయి. ఈ కారణంతోనే అమెరికా 1975లో 4 అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది, చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటారని. ఐదేళ్ల లోపు పిల్లలు ముట్టుకోకూడదు, చూడొచ్చు. టబ్బు నీళ్లు వంటగది సింకులో పారబోయొద్దు, ఆ పాత్రలు వంటపాత్రలతో కలవొద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. ముద్దు పెట్టడం అసలు వద్దు.

వాగుగట్టు

చిన్న చేర్పు. చిప్ప మీద పలుచని పొరలు ఊడటం మామూలే, అది పెరుగుదల గుర్తు, పీకొద్దు. కానీ తెల్లని లేక గులాబీ రంగు మచ్చ మెత్తబడి, వేలితో రాస్తే వాసన వస్తే అది చిప్ప కుళ్లు. ఎప్పుడూ తడిగా ఉండి, ఎండ కాగకపోతే వస్తుంది. అప్పుడు రోజులో కొన్ని గంటలు పొడి చోట ఉంచి, బెటాడిన్‌ని లేత టీ రంగు వచ్చేదాకా నీటితో పలుచన చేసి మచ్చ మీద అద్ది, ఆరనిచ్చి, మళ్లీ నీళ్లలో వదలాలి. ఎముక కనిపిస్తే ఇంటి వైద్యం కాదు.

సాగరతీరం_9

ఇంత ఖర్చు, ఇన్నాళ్ల పెంపకం అంటే చేతకాదు అనిపిస్తే చెరువులోనో గోదావరిలోనో వదిలేస్తే సరిపోతుంది కదా?

నీటిగూడు

వదలొద్దు. ఎర్రచెవుల తాబేలు మన దేశపుది కాదు, అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతానిది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 దాడి జాతుల జాబితాలో ఇదొకటి. మన చెరువుల్లోని తాబేళ్లతో ఎండ కాగే చోటు కోసం, తిండి కోసం పోటీపడి వాటిని తరిమేస్తుంది, వాటికి అలవాటు లేని రోగాలు మోస్తుంది. కేరళలో కాలువల్లో ఇవి దొరకడం మొదలయ్యాక అక్కడి అటవీ పరిశోధనా సంస్థ వీటిని జనం దగ్గర నుంచి తీసుకుని విడిగా ఉంచుతోంది. మీకు చేతకాకపోతే పెద్ద టబ్బు ఉన్న మరొకరికి ఇవ్వండి, లేదా మీ జిల్లా అటవీశాఖ కార్యాలయాన్ని అడగండి.

కొనేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. కన్ను వెనక ఎర్రని చార లేకపోతే అది స్లైడర్ కాకపోవచ్చు. వెనుకకాళ్లను కప్పే మెత్తటి మడతలు ఉన్నది, తోలులాంటి చిప్పది మన చెరువు తాబేలు. చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రంలా విప్పారితే నక్షత్ర తాబేలు. రెండూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. కొనడం, ఇంట్లో ఉంచడం నేరం, మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష ఉంది. షాపతను 'కాగితాలున్నాయి' అన్నా ఒప్పుకోవద్దు.

కృష్ణలంక_బాల్కనీ

రేపు పొద్దున డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఎలా తీసుకెళ్లాలి, ఏం అడగాలి?

తడిపొడి

కుక్కలు, పశువులే చూసేవాళ్లున్న చోటుకన్నా, సరీసృపాలను చూసే డాక్టరు ఉన్నారా అని ముందు ఫోన్‌లో అడిగి వెళ్లండి. మీకు దగ్గర్లో గన్నవరం పశువైద్య కళాశాల ఉంది, అక్కడి ఆస్పత్రికి ఫోన్ చేసి ఎవరు చూస్తారో కనుక్కోవచ్చు.

నీళ్లలో తీసుకెళ్లొద్దు, బండి కుదుపుకి మునిగి ఊపిరాడదు. మూతకి రంధ్రాలున్న చిన్న పెట్టెలో తడి తువ్వాలు మడత వేసి, దాని మీద కూర్చోబెట్టి, పైన మరో మడత కప్పండి. చీకట్లో నెమ్మదిగా ఉంటుంది. కారు ఏసీ గాలి నేరుగా తగలనివ్వొద్దు. ఆ రోజు పొద్దున తిండి పెట్టొద్దు.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఇప్పటివరకు పెట్టిన తిండి డబ్బా, తొట్టి ఫొటో, నీటి ఉష్ణోగ్రత, కిట్ ఉంటే అమ్మోనియా ఫలితం. ఐవర్‌మెక్టిన్ ఇవ్వబోతే ఆపండి. కుక్కలకి, గొర్రెలకి నులిపురుగులకిచ్చే ఆ మందు తాబేళ్లకి పక్షవాతం తెచ్చి చంపుతుంది. ఇది తెలియని వాళ్లు అలవాటుగా రాస్తుంటారు, మర్యాదగా 'తాబేలుకి పనికి రాదట అండి' అని చెప్పండి.

విటమిన్, తిండి, వెచ్చదనం, శుభ్రమైన నీళ్లు సర్దుకుంటే కళ్లు తెరుచుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రోజూ ఒకే సమయంలో, గ్రాముల వరకు చూపే వంటింటి త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి సున్నా చేసి, తాబేలును ఒళ్లు తుడిచి అందులో ఉంచి బరువు రాసుకోండి (ఆ గిన్నె మళ్లీ వంటకి వద్దు, త్రాసునూ సబ్బుతో తుడవండి). రేపు కూడా బయలుదేరే ముందు తూచి కాగితం మీద రాసుకెళ్లండి. మందు మోతాదు లెక్కకి డాక్టరు మొదట అడిగేది అదే.